మడతక్క కొన్న ధ్యానాల పుస్తకం

మడతక్క దేవుడి మాటని ఇస్త్రీ పెట్టెతో అతికించిందని మా దగ్గర ఒక పుకారు ఉంది. ఇప్పటిదాకా దాన్ని రుజువు చేసినవాళ్ళు లేరు. కళ్ళారా చూశామన్నవాళ్ళు మాత్రం ముగ్గురున్నారు. ఒకామె లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర చూశానంటుంది, ఒకామె నాలుగో అంతస్తు మెట్ల మీద చూశానంటుంది. మూడోవాడు ఆడవాళ్ళ బాత్రూములో చూశానంటాడు, అక్కడ వాడికేం పనో మాత్రం చెప్పడు. నేను ముగ్గురినీ నమ్మను. నన్ను కూడా మీరు పూర్తిగా నమ్మక్కర్లేదు, పిడికెడు దొరికితే బస్తా చేస్తానని నాకు ఎలాగూ పేరుంది. కానీ దుప్పటికి ఒక చివర మడతక్క, రెండో చివర నేను, పదకొండేళ్ళుగా ఇదే పని. అందుకని చెప్పే హక్కు నాకే ఎక్కువ.

మా లాండ్రీ ఆసుపత్రికి అడుగున, నేలలో ఉంటుంది. పైన ఎనిమిది అంతస్తులవాళ్ళు పడుకున్న దుప్పట్లన్నీ మా దగ్గరికే దిగుతాయి. ఉతికి, ఆరబెట్టి, రోలర్ మిషను మీద ఇస్త్రీ అయ్యాక మడత మా ఇద్దరిది. చెరో రెండు మూలలు పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించి, ఒకరికొకరు ఎదురు నడుస్తాం. నా మూలలు ఆవిడ చేతికిస్తాను, ఆవిడ వెనక్కి వెళుతుంది, మళ్ళీ వస్తుంది. ఎదురుపడ్డప్పుడే మాట. దూరం జరిగితే మిషన్ల మోతలో పిడుగు పడ్డా వినపడదు. అందువల్ల ఆవిడ బతుకు నాకు ముక్కలు ముక్కలుగా తెలుసు, ఒక్కో దుప్పటికి ఒక్కో ముక్క. ఆవిడ చేతికి ఏది దొరికినా మడత పడుతుంది. చేతిరుమాలు, టీ కొట్టువాడు ఇచ్చిన కాగితం, పాత బస్సు టిక్కెట్టు. పోయేటప్పుడు ప్రాణాన్ని కూడా నాలుగు మడతలు పెట్టి ఇస్తావే అని నేనంటే, "అంచులు కలవాలిగా మరి," అనేది.

ఆవిడ మొగుణ్ణి అందరూ బ్రేకు బావ అంటారు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపాడు. ఒకసారి వంతెన మీద ఎదురుగా లారీ వస్తే కుడికాలితో బ్రేకు తొక్కి నలభైమందిని కాపాడాడు. ఆయన చెప్పేటప్పుడు ఆ నలభై నాలుగొందలయ్యేవాళ్ళు. బస్సులో నాలుగొందలమంది ఎలా పట్టారు బావా అంటే, నిలబడ్డారులే అనేవాడు. నాకంటే ఘనుడు. ఇంట్లో కూర్చున్నప్పుడు ఆ కుడిపాదాన్ని ఎడమ మోకాలి మీద పెట్టుకుని, బహుమతి కప్పుని నిమిరినట్టు నిమిరేవాడు.

ఆ పాదానికే ముప్పు వచ్చింది. షుగరు మనిషి, కొత్త బూటు చిటికెనవేలిని కరిచింది. ఆయన దాచాడు. మేజోడు ఊడిరాక, నీళ్ళతో తడిపి లాగితే చర్మం కూడా దానితోనే వచ్చిన రోజున మడతక్కకి తెలిసింది. మా ఆసుపత్రిలోనే నాలుగో అంతస్తులో చేర్పించింది. పొడుగాటి కుర్ర డాక్టరొకాయన చూసి, కాలివేళ్ళు తీసెయ్యాలి, ఇవాళైతే వేళ్ళతో పోతుంది, ఆలస్యమైతే పైకి పాకుతుంది, సంతకం పెట్టండి అన్నాడు. బ్రేకు బావ కాగితాన్ని డాక్టరు జేబులోనే తిరిగి పెట్టాడట.

మడతక్క బతిమాలింది, ఏడ్చింది, అలిగింది. ఆయన కదల్లేదు. చివరికి ఒక మాట అన్నాడు. అక్కడి నుంచే ఈ కథంతా.

"పొద్దున లేస్తే దేవుడు దేవుడంటావు కదా. ఆయన్నే అడిగిరా. ఆయన కొయ్యమంటే కొయ్యించుకుంటా. ఈ డాక్టరు చెబితే మాత్రం కాదు."

ఆయనకి దేవుడి మీద భక్తి వచ్చి అన్న మాట కాదది. చర్చికి ఆయన వెళ్ళిందే పెళ్ళికి, అది కూడా తన పెళ్ళి కాబట్టి. కత్తి భయం, అంతే. దాక్కోవడానికి దేవుడి వెనకాల కాస్త చోటు దొరికింది. కానీ మడతక్క ఆ మాటని చేతిలో పెట్టిన తాళంచెవిలా పట్టుకుంది. దేవుణ్ణి అడిగి తెలుసుకొస్తే మొగుడు బతుకుతాడు.

అడగడం ఎలాగో ఆవిడకి తెలీదు. ప్రతి ఆదివారం వెళుతుంది, పాటలు పాడుతుంది, పాస్టరుగారు చదువుతుంటే తలాడిస్తుంది. తనంతట తను కూర్చుని బైబిలు చదివిన అలవాటు లేదు. ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద బైబిలు దించి, దణ్ణం పెట్టుకుని, కళ్ళు మూసుకుని తెరిచింది. ఎవరు ఎవరిని కన్నారో వరసగా రెండు పేజీలు. ఇంకోసారి తెరిస్తే ఏదో గుడారానికి ఎన్ని కొయ్య పలకలో, ఎన్ని ఉంగరాలో. మర్నాడు దుప్పటి మధ్యలో ఎదురుపడి, "ఇంతమందిని కన్నారే, ఒక్కడికీ కాలు నొప్పి రాలేదే," అంది. నవ్వుదామనుకున్నాను. ఆవిడ మొహం చూసి నవ్వు మింగేశాను.

పాస్టరమ్మ దగ్గరికి వెళితే ఆవిడ మంచి మాటే చెప్పింది. చదవడం అలవాటు లేనివాళ్ళు అంత పెద్ద గ్రంథంలో ఒక్కసారి దూకితే మునిగిపోతారు. అనుదిన ధ్యానాల పుస్తకం ఒకటి కొనుక్కో. రోజుకో తేదీ, రోజుకో పేజీ, పైన ఒక వాక్యం, కింద నాలుగు మాటలు, చివర చిన్న ప్రార్థన. పొద్దున్నే కూర్చుని చదువుకుంటే రోజూ ఒక మాట నీతో మాట్లాడుతుంది అంది. మడతక్క చెవికి చివరి ముక్కే ఎక్కింది.

చర్చి గేటు పక్కన పుస్తకాల కొట్టు. నడిపేది ఒక ముసలాయన. రెండు కళ్ళజోళ్ళు, ఒకటి నుదుటి మీద, ఒకటి ముక్కు మీద, కాబట్టి కళ్ళజోళ్ళ తాత. ధ్యానాల పుస్తకం కావాలంటే ఆయన సంబరపడి ప్రశ్నలు మొదలెట్టాడు. ఎవరికమ్మా? కొత్తగా చదివేవాళ్ళకా, ఆడవాళ్ళకా, జబ్బులో ఉన్నవాళ్ళకా? ఏడాదిలో బైబిలు మొత్తం అయిపోయేదా, రోజుకి రెండు వచనాలదా? రాసుకోవడానికి ఖాళీ గీతలుండాలా? మడతక్క ఏదీ వినలేదు. బల్ల మీదున్న పుస్తకాలన్నీ వరసగా తెరిచి, ఆ రోజు తేదీ పేజీ ఒక్కటే చూడటం మొదలెట్టింది. ఏడు పుస్తకాలు చూసిందని తాత అంటాడు, నేనైతే పదిహేడంటాను. ఒకదాంట్లో విత్తనాలు చల్లేవాడు, ఒకదాంట్లో చేదు నీళ్ళు, ఒకదాంట్లో కోపం తగ్గించుకోవడం. నీలం అట్ట పుస్తకం తెరిచింది. కాపాడేవాడికి కునుకు రాదనీ, నీ పాదాన్ని ఆయన తొట్రిల్లనివ్వడనీ ఉంది.

పాదం. ఆ ఒక్క ముక్క చాలింది ఆవిడకి.

తాత ఆపబోయాడు. "తేదీ వేసింది అచ్చు వేసేవాడమ్మా, దేవుడు కాదు. ఆ పేజీ ఒక్కటీ చూసి కొనొద్దు. నాలుగు చోట్ల తిరగేసి, వాక్యం ఎంతుందో, రాసినాయన సొంత మాట ఎంతుందో చూడు. నీకు నచ్చిన మాటే చెప్పే పుస్తకం మంచిది కాదు తల్లీ. నచ్చనిది కూడా చెప్పాలి."

చివరి మాటలకి ఆవిడ రోడ్డు మీదుంది.

పరుగెత్తుకెళ్ళి మొగుడి మంచం పక్కన నిలబడి చదివింది. బ్రేకు బావ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయట. మళ్ళీ చదవమన్నాడు. నర్సు వస్తే ఆమెకి చదివి వినిపించమన్నాడు. మంచి మాటే కానీ కట్టు మార్చాలి, కాస్త జరగండి అంది నర్సు. డాక్టరు కాగితం తెస్తే, "పైవాడు రాసిచ్చాడు, నీ కాగితం నీ దగ్గరుంచుకో," అన్నాడు.

మడతక్క ఆ రోజు దుప్పటి మధ్యలో ఎదురుపడినప్పుడల్లా నవ్వింది. తగ్గిపోతుందే పిల్లా అంది. నేను కూడా తగ్గిపోతుందన్నాను. అప్పటికి ఆ వార్త రెండో అంతస్తు దాకా నేనే మోశాను, దేవుడు మడతక్కతో పేరు పెట్టి మాట్లాడాడని కూడా కలిపాను. ఆ పాపంలో పిసరంత నాది.

ఆ తర్వాత దుప్పట్లు మాట్లాడాయి.

ఆయన కోసమని ఆవిడే మంచివి నాలుగు దుప్పట్లు ఏరి, మూలకి తెల్లదారం ముడేసి పైకి పంపేది. అవి మైలపడి కిందికి దిగితే ముడిని బట్టి గుర్తుపట్టేది. కట్టు దాటి కారిన మరక ఉతికినా పూర్తిగా పోదు, లేత టీ రంగులో నిలుస్తుంది. మొదటి రోజు కాళ్ళ చివర జానెడు దూరంలో, రూపాయి బిళ్ళంత. మూడో రోజు జానా బెత్తెడు, అరచేయంత. ఐదో రోజు దుప్పటి విదిలించి పట్టుకునేసరికి రెండు జానల పైకి పాకి ఉంది. మేం మూలలు కలుపుకుంటూ దగ్గరికి నడిచాం. ఆవిడ నా చేతిలోని మూలలు అందుకోకుండా ఆ మరకని చూస్తూ ఉండిపోయింది. పుస్తకంలో ఉన్నది తప్పు చదివిందేమో కానీ, దుప్పటి చదవడంలో మడతక్కకి సాటి లేదు.

ఐదో రోజు సాయంత్రమే డాక్టరు వేళ్ళతో కాదు, చీలమండ దగ్గర తీయాలన్నాడు. ఏడో రోజు చీలమండ కూడా కాదు, మోకాలి కిందన్నాడు. ఇంకా ఆగితే తీయడానికి కాలుంటుంది కానీ మనిషుండడు అన్నాడు.

బ్రేకు బావకి అప్పటికి నీలం పుస్తకం దిండయింది. ఏ రోజు పేజీ చదివినా తన వైపే తిప్పుకునేవాడు. పిచ్చుకల గురించి వస్తే, పిచ్చుకనే చూసుకునేవాడు నా కాలు చూసుకోడా అనేవాడు. ఓపిక గురించి వస్తే, విన్నావా, డాక్టరుని ఓపిక పట్టమంటున్నాడు అనేవాడు. మడతక్క గుండె రాయి చేసుకుని, ఆ మొదటి రోజు నేనే తప్పుగా అర్థం చేసుకున్నానేమోనండీ అంది.

"అయితే అబద్ధం ఎవరిదే?" అన్నాడాయన. "పుస్తకానిదా, దేవుడిదా, నీదా? తేల్చి చెప్పు."

పుస్తకానిదంటే దేవుడి దాకా వెళుతుంది. దేవుడిదంటే ఆయన ఇంక దేనికీ ఒప్పుకోడు. తనదంటే, ఇకమీద తను ఏ మాట తెచ్చినా చెల్లదు. ఎటు తిరిగినా గోడే. తను వేసిన తాళానికి చెవి తనే నూతిలో పారేసింది.

పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి, డాక్టరు చేతులు కూడా దేవుడి చేతులే బాబూ అని ఎంతో నెమ్మదిగా చెప్పారు. బ్రేకు బావ ఆయనకి కూడా నీలం పుస్తకం తెరిచి చూపించాడు. బయటికొచ్చాక పాస్టరుగారు, ఈ పుస్తకం ఎవరు కొన్నారమ్మా అని అడిగారట. మడతక్క నేల చూసింది.

తొమ్మిదో రోజుకి జ్వరం. మాట తేలిపోతోంది, కానీ మతి ఉంది. మతి ఉన్నంతసేపు సంతకం ఆయనే పెట్టాలట, ఆవిడ పెట్టినా కుదరదట. రేపు పొద్దున చివరి గడువన్నాడు డాక్టరు. మడతక్క పని మధ్యలో, నా చేతిలో దుప్పటి సగం మడతలో వదిలేసి వెళ్ళిపోయింది. పదకొండేళ్ళలో ఆవిడ సగం మడతలో వదిలింది అదొక్కటే.

నేరుగా కొట్టుకి వెళ్ళింది. తర్వాతిది తాత నోటితో విన్నదే, కాబట్టి ఇందులో నా కల్తీ తక్కువ.

"తాతా, కాలు తీసెయ్యమని చెప్పే పుస్తకం కావాలి."

నలభై ఏళ్ళు ధ్యానాల పుస్తకాలు అమ్మిన మనిషి. ఓదార్పుకి అడిగారు, పెళ్ళికి అడిగారు, పరీక్షలకి అడిగారు. ఇలా అడిగినవాళ్ళు లేరు. "అలా అడగకూడదు తల్లీ," అన్నాడు.

"ఎలా అడగాలో చెప్పండి మరి. అలాగే అడుగుతాను."

తాత స్టూలు జరిపాడు. ఆవిడ కూర్చుని ఒక్కో పుస్తకం మొదటి తేదీ నుంచి చివరి తేదీ దాకా తిప్పింది. దేవుడు ఏమంటాడో అని కాదు ఈసారి, దేవుడి చేత ఏమనిపించాలో తెలిసి వెతికింది. ఆ తేడా తనకి తెలుసు. పేజీల మూలలు నలుగుతున్నా చూసుకోలేదని తాత చెప్పాడు. దుప్పటి అంచు వెంట్రుకవాసి కూడా తప్పని చేతులు అవి.

ఎర్రట్ట పుస్తకంలో దొరికింది. నీ పాదం నీకు అడ్డమైతే నరికి పారెయ్, రెండు పాదాలతో నాశనంలో పడేకంటే కుంటివాడిగా జీవంలోకి వెళ్ళడం మేలు అని. తేదీ చూస్తే ఇంకా నాలుగు నెలలుంది.

తాత నుదుటి మీది కళ్ళజోడు కిందికి దించి చూసి, "ఇది కాలు గురించి కాదమ్మా, పాపం గురించి. కింద రాసినాయన అదే చెప్పాడు చూడు," అన్నాడు.

"ఆ నీలం పుస్తకంలో పాదం కూడా ఈ పాదం కాదుగా," అంది మడతక్క. "ఆ రోజు నన్ను గట్టిగా పట్టుకుని ఆపలేకపోయారా తాతా?"

తాత పుస్తకం ఆవిడ చేతిలో పెట్టి, కళ్ళజోళ్ళు రెండూ తీసేసి తుడుచుకుంటూ కూర్చున్నాడట.

ఇక్కడి నుంచి పుకారు, ఎర్రట్ట పుస్తకంలోని ఆ పేజీని, తేదీ కత్తిరించేసి, నీలం పుస్తకంలో ఆ రోజు పేజీ మీద అతికించిందని.

మా లాండ్రీలో చిరిగిన దుప్పట్లకి ఒక పట్టీ వాడతాం. వెనకాల జిగురుంటుంది, చిరుగు మీద పెట్టి వేడి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే అతుక్కుపోతుంది. ఆ మధ్యాహ్నం మిషన్లు ఆపి అందరం తిండికి వెళ్ళినప్పుడు, కొట్టు నుంచి తిరిగొచ్చిన ఆవిడ లోపలే ఉంది. మర్నాడు మా మేస్త్రి పట్టీ చుట్ట జానెడు తగ్గిందని గొణిగాడు. మా మేస్త్రి తన పిల్లలు ముగ్గురో నలుగురో కూడా ఆలోచించి చెబుతాడు, కాబట్టి దాన్ని సాక్ష్యమనలేను. నేను మాత్రం తిండి నుంచి తిరిగొచ్చేసరికి ఇస్త్రీ పెట్టె వేడిగా ఉంది. చెయ్యి పెట్టి చూశాను, కాలింది.

సాయంత్రం చూడటానికి వదిలే వేళకి ఆవిడ నీలం పుస్తకం పట్టుకుని పైకి వెళ్ళింది. అక్కడ జరిగినదానికి సాక్షి పక్కమంచం పెద్దాయన. తలకి, రెండు కళ్ళకి కట్టు. చూడలేదు, విన్నాడు.

"ఇవాళ మీరే చదవండి," అందట మడతక్క.

బ్రేకు బావ జ్వరంలోనే కూడబలుక్కుని పైకి చదివాడు. పాదం, అడ్డం, నరకడం, కుంటివాడిగా జీవం. చదివి ఆగిపోయాడు. ఇవాళ తేదీ ఎంత అన్నాడు. ఆవిడ చెప్పింది. ఆ తర్వాత కాగితం లోపలి అంచు మీద బొటనవేలు అటూ ఇటూ రాస్తున్న చప్పుడొకటే వినిపించిందన్నాడు పెద్దాయన.

"కింది సగం లోపలికి మడిచుందే."

"నా చేతికి అలవాటు కదండీ."

"విప్పి చదవనా?"

ఆవిడ దుప్పటి అంచు సర్దిన చప్పుడైందట.

"మీ ఇష్టం," అంది.

"వద్దులే," అన్నాడు బ్రేకు బావ. "కలం ఉందా?"

మర్నాడు పొద్దున మోకాలి కింద తీసేశారు. మనిషి మిగిలాడు.

ఇది విని అందరూ హమ్మయ్య అంటారు. నేను కూడా అన్నాను, మిఠాయి పంచినంత ఇదిగా అంతస్తులన్నీ తిరిగి చెప్పాను. కానీ దుప్పటికి రెండో చివర నిలబడి చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, మడతక్కకి హమ్మయ్య లేదు. మొదటి రోజే అయితే వేళ్ళతో పోయేది. ఐదో రోజైతే చీలమండతో. ఎదురుపడినప్పుడల్లా అదే మాట, "వేళ్ళే. వేళ్ళతో పోయేది." వెనక్కి జరుగుతుంది, మళ్ళీ వస్తుంది, మళ్ళీ అదే. ఆదివారాలు ఇంకా ఘోరం. బ్రేకు బావ ఇప్పుడు చంకకర్రలతో చర్చికి వస్తున్నాడు. సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడి, నలభై ఏళ్ళు దేవుణ్ణి పట్టించుకోనివాణ్ణి, నాకోసం ఒక పేజీ రాసిపెట్టాడు అంటాడు. అందరూ చప్పట్లు కొడతారు. ఆవిడ వెనక వరసలో పాటల పుస్తకం అట్టని మడుస్తూ కూర్చుంటుంది. పొద్దున్నే ఆయన మంచం మీద కూర్చుని ఆ రోజు పేజీ చదువుతాడు, ఏమే వచ్చి విను అని పిలుస్తాడు. పొయ్యి మీద పాలున్నాయని ఆవిడ వంటింట్లోనే ఉండిపోతుంది. నేనెళ్ళి చూశాను. పొయ్యి మీద ఏమీ లేదు, పొయ్యి వెలిగించి కూడా లేదు.

ఆయనకి తెలుసా, తెలీదా? తెలిసే సంతకం పెట్టాడని నేనంటాను. ఆవిడని అడగడానికి ధైర్యం చాలక మూడు నెలలు నోరు కట్టుకున్నాను. నాకు మూడు నెలలంటే మామూలు ఉపవాసం కాదు. మొన్న ఆగలేకపోయాను. దుప్పటి మధ్యలో ఎదురుపడగానే, మూలలు వదలకుండా పట్టుకుని, అక్కా, ఆ పేజీ నువ్వే అతికించావా అన్నాను.

ఆవిడ దుప్పటి లాక్కోలేదు. వెనక్కి జరగనూ లేదు.

"అదంతా అబద్ధమే పిల్లా," అంది. "నేను ఏ పేజీనీ అతికించలేదు. ఎర్రట్ట పుస్తకం నేను చూడనే లేదు. ఆ నీలం పుస్తకం కొన్నదీ నేను కాదు, ఆయనకి చదివి వినిపించిందీ నేను కాదు. మొదటి రోజే, ఆ డాక్టరు చెప్పిన రోజే, కోయించుకోండీ అన్నాను నేను. ఆయన వినలేదు, అంతే. ఎవరడిగినా అలాగే చెప్పు."